పేరు తరువాత చెబుతాం

సియాటిల్‌లో డిసెంబరు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. అప్పటి నుంచి నిద్రవేళ దాకా మిగిలే సుదీర్ఘమైన కాలాన్ని నేనూ మా తోడల్లుడూ మారినర్స్ అనే బేస్‌బాల్ జట్టును బాగుచేయడానికి వినియోగిస్తుంటాం. ఈ పని మాకెవరూ అప్పగించలేదు, దీనికి జీతం లేదు, మా మాట చెవిని వేసుకునే నాథుడు ఆ జట్టు యాజమాన్యంలో ఒక్కడూ లేడు; అయినా ఆటలు ముగిసిన మరునాటి నుంచి ఫిబ్రవరిలో అరిజోనాలో సాధన శిబిరం మొదలయ్యేదాకా, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలన్న లెక్కలతో మా ఇద్దరి ఫోన్లూ వేడెక్కి ఉంటాయి.

మా బాధ అర్థం కావాలంటే ఈ జట్టు జాతకం కొంచెం తెలియాలి. 1977లో పుట్టిన మారినర్స్ ఇంతవరకూ వరల్డ్ సిరీస్ అనే తుదిపోరు గడప తొక్కలేదు. లీగులోని ముప్ఫై జట్లలో ఆ ఘనత వీళ్ళకొక్కళ్ళకే దక్కింది. 2001లో ఏకంగా 116 ఆటలు గెలిచి కూడా ఆ ముచ్చట తీర్చుకోలేకపోయారు, ఆపైన 2022 దాకా ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. 2025లో మా క్యాచర్ కాల్ రాలీ, బంతిని మైదానం గోడ దాటించే హోమ్ రన్‌లు 60 కొట్టాడు గనుక ఈసారి గ్రహాలు అనుకూలించాయనే అనుకున్నాం. గెలిచినవాళ్ళు వరల్డ్ సిరీస్‌కు వెళ్ళే పోటీలో ఆఖరిది, టొరంటోలో ఏడో ఆట, ఏడో ఇన్నింగ్స్, మనం రెండు పరుగులు ముందున్నాం, ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే చాలు. అప్పుడు టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి గోడ అవతల పడింది, 4-3తో మన కథ ముగిసింది. ఆ రాత్రి మా తోడల్లుడు నాకు ఫోన్ చేసి రెండు నిమిషాలపాటు ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు. మరునాడు పొద్దున్నే మళ్ళీ చేసి, "ఎవరిని అమ్మేద్దాం?" అన్నాడు.

ఐపీఎల్ వేలంపాట చూసేవారికి ఆటగాళ్ళ బేరాలు కొత్త కాకపోవచ్చు గాని, అక్కడ డబ్బు సంచీ ఉన్నవాడిదే పైచేయి. బేస్‌బాల్‌లో ట్రేడ్ అంటే మన పల్లెల్లో ధాన్యమిచ్చి కుండలు తెచ్చుకున్నట్టు మనిషికి మనిషిని మార్చుకోవడం. మన దగ్గర బంతి విసిరే పిచ్చర్లు ఎక్కువై కొట్టేవాళ్ళు తక్కువైతే, కొట్టేవాళ్ళు ఎక్కువై పిచ్చర్లు లేని జట్టును వెతుక్కోవాలి. వినడానికి ధర్మంగానే ఉంటుంది. కాని అభిమాని చేసే ట్రేడు వేరు. ఇంట్లో పుచ్చిపోయిన వంకాయలన్నీ ఏరి సంచీలో వేసుకుని, వాటికి బదులు అర డజను బంగినపల్లి మామిడిపళ్ళు అడుగుతాడు; ఎదుటివాడు ఒప్పుకోకపోతే వాడికి ఆట తెలియదంటాడు.

ఈ జబ్బుకు మందుగా మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఒకరు మారినర్స్ తరఫున కూర్చుంటే రెండోవారు ఎదుటి జట్టు మేనేజరుగా కూర్చుని, నిజంగా తన సొమ్ము పోతున్నట్టే బేరమాడాలి. మా తోడల్లుడు ఈ వేషంలోకి దిగాడంటే మళ్ళీ బయటికి రావడం కష్టం. తరువాత జరిగినదానికి అది కూడా ఒక కారణం.

ఆ శుక్రవారం సాయంత్రం మా ఆవిడా, అత్తయ్యగారూ కూరగాయలకు వెళ్ళారు. మామయ్యగారు మేడ మీద తమ గదిలో ఉన్నారు. తెనాలి నుంచి సెప్టెంబరులో వచ్చిన ఆయన, మార్చిలో తిరుగు ప్రయాణం పెట్టుకున్నారు. ముప్ఫైనాలుగేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి; మోకాళ్ళ నొప్పులవల్ల మెట్లు ఒక్కొక్కటే, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి ఎక్కుతారు. నేను కింది గదిలో ఫోను స్పీకర్లో పెట్టి కూర్చున్నాను. అమెరికా ఇళ్ళలో ఒక చిత్రం ఉంది: కింది గదికీ మీది గదికీ కలిపి వేడిగాలి గొట్టాలు ఉంటాయి, గాలితోపాటు మాటలు కూడా వాటిలోంచి నిక్షేపంగా ప్రయాణం చేస్తాయి. ఈ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

"కుర్రాడు బంగారం," అని మొదలుపెట్టాడు మా తోడల్లుడు. "ఇరవై రెండేళ్ళు. ఆరడుగుల మూడంగుళాలు. ఎడమచేతివాటం. ఎంతమంది అడుగుతున్నారో తెలుసా?"

"మోచేతికి ఆపరేషన్ అయిందని విన్నానే."

"ఎవరికి కాలేదు? ఏడాదిన్నర ఇంటిపట్టున ఉన్నాడు. ఇప్పుడు మునుపటికంటే గట్టిగా విసురుతున్నాడు."

అందులో అబద్ధం లేదు. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ శస్త్రచికిత్స మొదటిసారి చేసినప్పుడు అదొక వింత. ఇప్పుడు పిచ్చర్లలో మోచేతి మీద ఆ కుట్ల గుర్తు లేనివాణ్ణి వెతుక్కోవాలి. నేను మెత్తబడ్డాను.

"ఒక్కణ్ణే ఇస్తే కుదరదు," అన్నాను.

"సరే, ఇద్దరు పిల్లల్ని కూడా వెంట పంపిస్తాం. పెద్దవాణ్ణి నువ్వు చూసే ఉంటావు. రెండోవాడి పేరు తరువాత చెబుతాం."

మా భాషలో పిల్లలంటే ఇంకా కింది లీగుల్లో ఆడుతున్నవాళ్ళు. పేరు తరువాత చెప్పడం మా కల్పన కాదు, బేస్‌బాల్‌లో సాక్షాత్తూ ఉన్న ఆచారం: ట్రేడు ఇవాళ చేసుకుని, అందులో ఒక ఆటగాడి పేరు ఆరు నెలల్లోగా తేల్చుకోవచ్చు. 1962 ఏప్రిల్‌లో న్యూయార్క్ మెట్స్ వాళ్ళు హ్యారీ చిటి అనే క్యాచర్‌ను ఈ పద్ధతిలోనే క్లీవ్‌లాండ్ నుంచి తెచ్చుకున్నారు. పేరు చెప్పవలసిన సమయం వచ్చేసరికి, జూన్‌లో, ఆ చిటినే వెనక్కి పంపేశారు. పాపం, ఆయన తనకు తానే మారకమయ్యాడు. ఇది చదివిన రోజు నేను అన్నం ముందు కూర్చుని నవ్వుతుంటే మా ఆవిడ కూరలో ఏమైనా పడిందేమోనని చూసింది.

ఇద్దరు పిల్లలు వెంట వస్తున్నారంటే నాకు భయం వేసింది. మా పక్కింటి రిటైర్డు మాస్టారు 1977 నుంచీ ఈ జట్టును చూస్తున్నవాడు. ఎప్పుడు ట్రేడు మాట ఎత్తినా ఆయన 1997 జూలై 31 అని తారీఖు చెప్పి ఊరుకుంటాడు. ఆ రోజు మారినర్స్ హీత్‌క్లిఫ్ స్లోకమ్ అనే పిచ్చర్ కోసం జేసన్ వారిటెక్‌నూ డెరెక్ లోవ్‌నూ బోస్టన్‌కు ఇచ్చేశారు. స్లోకమ్ వల్ల ఒరిగిందేమీ లేదు. ఆ ఇద్దరు పిల్లలూ 2004లో బోస్టన్‌కు ఎనభై ఆరేళ్ళ తరువాత వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టినవాళ్ళలో ఉన్నారు. ఇచ్చేవాడు ఉదారంగా ఇస్తున్నాడంటే, వెర్రివాడు ఇచ్చేవాడో పుచ్చుకునేవాడో తేలడానికి ఏడేళ్ళు పడుతుందన్నమాట. అందుకే నేను ముందుగా నా వంకాయ సంచీ దించాలనుకున్నాను.

"దానికి బదులు మా పెద్దాయన్ని తీసుకుపో," అన్నాను. పెద్దాయన అంటే బోలెడు జీతం పుచ్చుకుంటూ బెంచీ మీద కూర్చునే ముప్ఫై అయిదేళ్ళ ఆటగాడు. ఏ జట్టులోనైనా అలాంటివాడొకడు ఉంటాడు గనుక మేము పేర్లు వాడం.

"బాబోయ్, నాకొద్దు. మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు."

"అనుభవం ఉంది. కుర్రాళ్ళకు నాలుగు మంచి మాటలు చెబుతాడు."

"ఆ మాటలు వినే ఓపిక ఎవరికుంది? రోజంతా కూర్చోబెట్టి మేపడానికి నా దగ్గర చోటెక్కడ? ఉన్నవాళ్ళతోనే ఇరుగ్గా ఉంది."

"సగం ఖర్చు నేను భరిస్తాను. మార్చిలోగా ఎలాగైనా వదిలించుకోవాలి."

"మొత్తం ఖర్చు నువ్వు పెట్టుకుంటే ఆలోచిస్తాను," అన్నాడు మా తోడల్లుడు. అంతలో వాకిట్లో కారు చప్పుడైంది, బేరం తెగకుండానే ఫోను పెట్టేశాం.

ఆ తరువాత పది నిమిషాలకు మా ఆవిడ మేడ మీది నుంచి నన్ను పిలిచిన గొంతు, పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళలో నేను మూడే మూడుసార్లు విన్నాను. వెళ్ళి చూస్తే మామయ్యగారి పెద్ద సూట్‌కేసు మంచం మీద బార్లా తెరిచి ఉంది. పంచెలు మడతపెట్టి ఉన్నాయి. మాకోసం తెచ్చిన కారప్పొడి పొట్లం, సగం వాడినది, రబ్బరు బ్యాండు వేసి మళ్ళీ పంచెల మధ్యకు చేరింది. ఆయన సామాను తూచే కొక్కెం చేతిలో పట్టుకుని, ఇరవై మూడు కిలోలు దాటిందేమోనని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూస్తున్నారు.

"అల్లుడుగారూ, మీరు సగం ఖర్చు భరించనవసరం లేదండీ," అన్నారు ఆయన ఎంతో మర్యాదగా. "నా పెన్షను నాకు వస్తోంది. మార్చిదాకా ఆగడం కూడా ఎందుకు?"

"ఏ ఖర్చు మామయ్యగారూ?" అన్నాను. అది అడిగేటప్పుడు నాకు నిజంగా తెలియదు. అడిగిన తరువాత ఆయన చూపు నేల మీది వేడిగాలి జాలీ వైపు వెళ్ళింది, నా చూపు కూడా వెళ్ళింది, అప్పుడు తెలిసింది.

అది ఆట గురించి అని నేను ఒట్టు వేశాను. మా ఆవిడ నా ఒట్టును నమ్మకుండా, సాక్ష్యం కావాలని చెప్పి నా ఫోన్లోంచే వాళ్ళ చెల్లెలి మొగుడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. మా తోడల్లుడు ఇంకా వేషం విప్పలేదని ముందే మనవి చేశాను గదా. ఎత్తీ ఎత్తగానే, "ఏం, మొత్తం ఖర్చు పెట్టుకుంటావా? అయితే రేపు పొద్దున్నే వచ్చి ముసలాణ్ణి తోలుకుపోతాను," అన్నాడు.

ఆ గదిలో కొంతసేపు హీటరు చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

చివరికి లాప్‌టాప్ తెచ్చి, పాత ట్రేడుల జాబితాలు తీసి, మామయ్యగారి ముందు పెట్టి, గంటసేపు విడమరిచి చెప్పవలసి వచ్చింది. అంతా విని ఆయన, "అంటే బదిలీలన్నమాట. ఆ మాట మొదటే చెప్పరేమండీ?" అన్నారు. సర్వీసులో పదకొండు బదిలీలు చూసిన మనిషికి ఆపైన నేను చెప్పవలసినది పెద్దగా లేకపోయింది. 2018 డిసెంబరులో కార్లోస్ సాంటానా అనే ఆటగాడు ఫిలడెల్ఫియా నుంచి మారినర్స్‌కు వచ్చి, ఒక్క ఆటైనా ఆడకముందే పది రోజులకు క్లీవ్‌లాండ్‌కు వెళ్ళిపోయాడని, ఆ రెండో ట్రేడును జట్టు పెద్ద జెర్రీ డిపోటో ఆసుపత్రి మంచం మీది నుంచే కుదిర్చాడని చెప్పాను. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు. "జాయినింగు రిపోర్టు ఇవ్వకుండానే ఆర్డరు వచ్చిందన్నమాట. నాకు బొబ్బిలిలో అలాగే అయింది," అన్నారు. ఇంతకూ ఆ ఆటగాణ్ణి ఎవరైనా అడుగుతారా అన్నది ఒక్కటే ఆయన సందేహం.

పదేళ్ళు ఈ లీగులో ఆడి, అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాడికి కాదనే హక్కు ఉందని చెప్పాను. అది ఊరికే రాలేదు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనను ఫిలడెల్ఫియాకు మార్చేస్తే కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు వెళ్ళనని మొరాయించి, నేను కొని అమ్మే వస్తువును కానని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, మరుసటి ఏడాదికి ఆ హక్కు మిగతావాళ్ళకు దక్కింది. మామయ్యగారు ఆ పేరును నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. "గొప్పవాడండీ. నన్ను శ్రీకాకుళం వేసినప్పుడు నేను కోర్టుకు వెళ్ళలేదు, మంత్రిగారి బావమరిది దగ్గరికి వెళ్ళాను," అన్నారు. ఆ తరువాత కాసేపు ఆలోచించి, "పెద్దాయన్ని మాత్రం ఇవ్వకండి. బెంచీ మీద కూర్చున్నా సరే," అన్నారు. నేను ఇవ్వనని మాటిచ్చాను. కారప్పొడి పొట్లం వంటింట్లోకి తిరిగి వచ్చింది.

అంతటితో అయిపోయిందనుకుని అన్నాలకు కూర్చున్నాం. పెరుగన్నం కలుపుకుంటుండగా మామయ్యగారి ఫోను మోగింది. చీరాల నుంచి వాళ్ళ పెద్దక్కగారు. అక్కడ అప్పుడు పొద్దున్న తొమ్మిది దాటింది. మామయ్యగారి మొహంలో రంగు మారడం చూసి మా ఆవిడ అన్నం కలపడం ఆపేసింది. పెద్దక్కగారి మనవరాలికి ఏడాదిగా సంబంధాలు చూస్తున్నారు. గొట్టంలోంచి ఇరవై రెండేళ్ళ ఆరడుగుల కుర్రాడి ప్రస్తావన రాగానే మామయ్యగారు ఆనందం పట్టలేక అక్కగారికి ఫోన్ చేసి, నువ్వే విను అని ఫోను ఆ జాలీకి ఆనించి పట్టుకున్నారట. పెద్దాయన ప్రసక్తి వచ్చేసరికి మనసు చివుక్కుమని కట్ చేశారు. ఆ గొడవలో ఆమె సంగతే మరిచిపోయారు.

"తమ్ముడూ, రాత్రంతా... అంటే ఇప్పటిదాకా ఇంట్లో అందరం కూర్చుని అదే మాట్లాడుకుంటున్నాంరా," అని పెద్దక్కగారి గొంతు ఖంగుమంది. "ఎత్తు బాగుంది. ఎడమచెయ్యంటే సర్దుకుపోతాం. మోచేతి ఆపరేషనంటావా, మా ఆయనకు తుంటి ఎముకే మార్చారు. గట్టిగా విసురుతున్నాడన్నారే, అది మాత్రం మీ అల్లుళ్ళను అడిగి తెలుసుకో, కోపిష్టివాడైతే మన పిల్ల పడలేదు. ఇంకొకటి, ఇరవై రెండేళ్ళకే ఇద్దరు పిల్లలేమిటిరా? పోనీ ఉన్నారే అనుకో, రెండోవాడి పేరు తరువాత చెబుతామంటారేం? ఎప్పుడు చెబుతారట?"

మామయ్యగారు ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశారు.

"రూలు ప్రకారం ఆరు నెలల్లోగా," అన్నాను.

ఆయన తలపంకించి చెయ్యి తీశారు. "ఆరు నెలల్లోగా చెబుతారటే అక్కా," అన్నారు.