నామకరణ దోషం

మా బావమరిది కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర కారం దోసెల బండి నడుపుతాడు. ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లు, ఎర్రకారం అయిపోయిందని తెలిసి అతన్ని తిట్టుకుంటూ వెళ్తుంటారు. ముందే కబురు చెప్పడానికి ఒక యాప్ ఉంటే బాగుండునని ఒక పెళ్లిభోజనంలో నోరు జారాను. అక్కడితో ఆగక, నేనే చేసిస్తానని కూడా అనేశాను.

యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో దించుకున్నాను. కొత్త ప్రాజెక్టు అడిగిన గడులన్నీ చదవకుండా దాటేసి, ఒక్క ఫోల్డరుకు మాత్రం శ్రద్ధగా, అచ్చ తెలుగులో 'కడప కారం దోసె' అని పేరు పెట్టాను. భాషాభిమానం! అది కింద ఏదో గొణిగింది గానీ పట్టించుకోలేదు. తర్వాత, రాసిన కోడ్‌ను యాప్‌గా వండే గ్రాడిల్ అనే వంటమేస్త్రీ దిగి, పెళ్లి సరుకుల చీటీ అంత పొడవున లైబ్రరీలనే రెడీమేడ్ కోడ్ మూటలు దించుకున్నాడు. ఫోనులో ఆ రోజు డేటా అంతా హరించుకుపోయింది. చివరికి 'బిల్డ్ ఫెయిల్డ్'. కళ్లంలో మిరపకాయలు ఆరబోసినట్టు తెరంతా ఎరుపు.

బెంగళూరులో ఉన్న అమ్మాయికి ఫోను చేసి అట్టడుగు వరుస చదివి వినిపించాను.

"అది కాదు నాన్నా, 'వాట్ వెంట్ రాంగ్' అని ఉంటుంది చూడు, అక్కడి నుంచి చదువు."

చదివాను. ఫోల్డరు దారిలో ఆస్కీ కాని అక్షరాలున్నాయట, విండోస్‌లో అది కుదరదట. ఆస్కీ అంటే కంప్యూటర్ల కోసం 1963లో అమెరికా వాళ్లు ఖాయం చేసుకున్న అక్షరాల పట్టిక, మొత్తం 128 గుర్తులు. అందులో డాలరుకు చోటుంది, మన 'క'కు లేదు. యాప్ లోపల తెలుగు ఎంతైనా రాసుకోవచ్చు, దారిలో మాత్రం కనపడకూడదు. వంటింట్లోకి రానిచ్చి వాకిట్లో నిలబడొద్దనే మర్యాద నేనెక్కడా చూడలేదు.

ఫోల్డరు పేరు మార్చాను. ఈసారి దోసె ఫొటో దగ్గర ఆగింది. ఫైలు పేరులో 'డి' పెద్ద అక్షరమట. ఆ బొమ్మల పేర్లలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు తప్ప మరేవీ పనికిరావు. చేసేదేమీ లేక దోసెను చిన్నబుచ్చాను.

మూడోసారి 'అన్‌రిజాల్వ్డ్ రిఫరెన్స్'. అప్పటికి రాత్రి పదకొండయింది. క్లీన్ చేశాను, రీబిల్డ్ చేశాను, కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించాను. మా ఆవిడ దిష్టి తీస్తానంది. వద్దనలేదు. పొద్దున్నే అమ్మాయి పట్టేసింది.

"కోడ్‌లో ఫంక్షనుకు ఒక పేరు పెట్టి ఇంకో పేరుతో పిలుస్తున్నావు నాన్నా!"

పెట్టిన చోట సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్. పిలిచిన చోట కె-ఎ-డి-ఎ-పి-ఎ. ఊరి ఇంగ్లీషు స్పెల్లింగును ప్రభుత్వం 2005లోనే మార్చింది గానీ, ఆ ఉత్తర్వు నా వేళ్లకు ఇంకా అందలేదు. బళ్లో నేర్చిన ఎనిమిది అక్షరాలూ వాటంతటవే పడిపోయాయి. ఎలా రాసినా బస్సు కండక్టరు కడపలోనే దించుతాడు. కంప్యూటర్‌కు ఆ ఇంగితం లేదు.

సరిదిద్దాను. బిల్డ్ సక్సెస్‌ఫుల్! ఫోనులోకి ఎక్కించుకుని బండి దగ్గరికి పరుగెత్తాను. బావమరిది అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తెరంతా వెతికాడు.

"మన దోసె ఏది బావా?"

"ఆ చివర్లో ఉందే, అదే!"

దాని కింద 'మై అప్లికేషన్' అని ఉంది. నేను దాటేసిన మొదటి గడి అదేనట.

అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"ఇది నీది కదా బావా. మరి నాదెప్పుడు?"