పది వేల రివ్యూలున్నా మన బోరు నీళ్ల సంగతి వాటికి తెలియదు

మా ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "నీళ్ల ఫిల్టర్ కొనాలంటే నాలుగు స్టార్లు దాటి, పది వేల రివ్యూలున్నది కళ్లు మూసుకుని కొనేయండి. అంతమంది అబద్ధం చెప్పరు. వెరిఫైడ్ అని ఉంటే నకిలీ అయ్యే ఛాన్సే లేదు. వీడియోలో టెస్ట్ చేసి చూపిస్తే ఇంక డౌటే అక్కర్లేదు. పైగా 2022లోనే ప్రభుత్వం నకిలీ రివ్యూలు ఆపేసింది." ఇవీ అందులోని మాటలు. వీటిలో ఒక్కటీ నిలబడదు.

అంతమంది అబద్ధం చెప్పరట. సరే, అందరూ నిజమే రాశారనుకుందాం. ఏం రాశారు? డెలివరీ త్వరగా వచ్చింది, ప్యాకింగ్ బాగుంది, నీళ్లు తియ్యగా ఉన్నాయి. మన దగ్గర అసలు బాధ ఫ్లోరైడ్‌తో. దానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఫరవాలేదనీ తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం చెబుతోంది. కనిగిరి వైపు చాలా బోర్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలు అందుకే. కుళాయిలో నది నీళ్లు వచ్చే ఊరాయన యూవీ (అతినీలలోహిత కాంతి) ఫిల్టర్‌కు ఐదు స్టార్లు ఇస్తే, ఆయన వరకు అది నిజమే. యూవీ సూక్ష్మజీవుల్ని చంపుతుంది కానీ ఫ్లోరైడ్ జోలికి పోదు. కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నీళ్లను మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా ఒత్తిడితో పంపే ఆర్‌ఓ ఫిల్టర్ దాన్ని తగ్గిస్తుంది, అదీ ఆ మెంబ్రేన్ బాగున్నంత కాలమే. మెంబ్రేన్ సత్తా తేలేది నెలలు గడిచాక. బిగించిన వారంలో రాసిన రివ్యూకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక వెరిఫైడ్. ఆ వస్తువు అక్కడ కొన్నారన్నదే దానర్థం. ముందు డబ్బు పెట్టి కొనిపించి, ఐదు స్టార్లు పెట్టాక ఆ డబ్బు యూపీఐలో తిరిగి పంపే గ్రూపులున్నాయి. డబ్బాలో చీటీ పెట్టి, రేటింగ్ స్క్రీన్‌షాట్ పంపితే క్యాష్‌బ్యాక్ ఇస్తామనే అమ్మకందారులూ ఉన్నారు. ఇవన్నీ వెరిఫైడ్ కిందికే వస్తాయి.

వీడియో టెస్టు గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే జనం దానికే ఎక్కువ పడిపోతున్నారు. రెండు గ్లాసుల్లో కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. బోరు నీళ్లు క్షణాల్లో బురద రంగుకు తిరుగుతాయి, ఫిల్టర్ నీళ్లు అలాగే ఉంటాయి. ఆ బురద నీళ్లలోది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరుగుతుంది. ఫిల్టర్ గ్లాసులో చిటికెడు ఉప్పు వేస్తే అవీ అలాగే మారతాయి. టీడీఎస్ మీటరు కూడా కరిగినవన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

ప్రభుత్వం ఆపేసిందన్నదీ సగం మాటే. అమ్మేవాళ్లే కొన్నవాళ్లలా రివ్యూలు రాయకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. 2022లో వచ్చింది ఆన్‌లైన్ రివ్యూల కోసం పెట్టిన ఐఎస్ 19000 ప్రమాణం, అదీ స్వచ్ఛందంగా పాటించేది. డబ్బు తీసుకుని చేసిన వీడియో అయితే ఆ సంగతి వీడియో భాషలోనే చెప్పాలని 2023లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. తెలుగు వీడియో కింద మూలన చిన్న ఇంగ్లిష్ ముక్క కనిపిస్తే అది సరిపోదు.

ముందు మీ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. తర్వాత రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, రెండు మూడు స్టార్లవి చదవండి. ఏ నీళ్లకు వాడారో, ఎన్నాళ్లు వాడారో రాసినవే మనకు పనికొస్తాయి. అదే మోడల్ వాడుతున్నవాళ్లు మీ వీధిలో ఉంటే మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో, ఎంతయిందో, ఫోన్ చేస్తే మెకానిక్ ఎన్ని రోజులకు వచ్చాడో అడగండి. డబ్బాలో క్యాష్‌బ్యాక్ చీటీ కనిపిస్తే ఫొటో తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి.