ఏ ఐదో క్రాస్? జవాబు ఫోనే చెప్పాలి

మా కింది ఇంటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చిన రాత్రి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది నేనే. "ఎల్లిద్దీరా, ల్యాండ్‌మార్క్ హేళి" అన్నారు అవతల; ఎక్కడున్నారు, దగ్గర్లో ఏదైనా గుర్తు చెప్పండి అని. వచ్చిన కన్నడలో మొదలుపెట్టి, కంగారులో తెలుగులోకి జారిపోయాను. మాది బెంగళూరు మున్నేకొళాలలో ఐదో క్రాస్, అంటే ఐదో అడ్డవీధి. మారతహళ్లి చుట్టుపక్కల లేఅవుట్‌కో ఐదో క్రాస్ ఉంటుంది. బండి ఇంకో ఐదో క్రాస్‌కి వెళ్లింది. సందు మొగలో నిలబడి, టార్చి ఊపుతూ డ్రైవర్‌కి ఒక్కో మలుపూ చెప్పాను. ఆంటీ మెట్ల మీద కూర్చుని "వచ్చిందా నాయనా" అని అడుగుతూనే ఉన్నారు. మధ్యలో మ్యాప్ తెరిచి చూస్తే నేనున్న చోటు చూపే నీలం చుక్క సరిగ్గా మా గేటు మీద ఉంది. నాకు కనిపిస్తున్న ఆ చుక్క, కనిపించాల్సిన వాళ్లకు కనిపించడం లేదు.

పెద్దాయన దక్కారు. నన్ను ఇప్పటికీ వదలనిది ఆ చుక్కే.

2016లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 2017 జనవరి 1 నుంచి కొత్త ఫోన్లలో ప్యానిక్ బటన్, 2018 జనవరి 1 నుంచి జీపీఎస్ ఉండాలి. మంచి నిబంధనలే. కానీ అవి పరికరం ఉందా లేదా అన్నదగ్గరే ఆగిపోయాయి. ఆ జీపీఎస్ కనుక్కున్న చోటు అత్యవసర నంబర్ 112 కంట్రోల్ రూమ్‌కి ఎన్ని సెకన్లలో చేరాలి, ఎన్ని మీటర్లకు మించి తేడా ఉండకూడదు అన్నది అందులో లేదు. మీటర్ల లెక్క రాయడం మన టెలికాం శాఖకు తెలియనిదీ కాదు. భద్రతా సంస్థల అవసరం కోసం 2011లోనే ఆపరేటర్ల లైసెన్సు షరతుల్లో అలాంటి లెక్క రాశారు. మనిషిని వెతికి పట్టుకోవడానికి ఒక కొలత ఉన్నప్పుడు, కాపాడమని పిలిచే మనిషికీ ఒకటి ఉండాలి కదా.

ఫోన్ నుంచి ఏమీ రాకపోతే మిగిలేది మొబైల్ టవర్ ఆధారమే. టవర్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని మామూలుగా మూడు ముక్కలు చేస్తారు. కాల్ ఏ ముక్కలోంచి వచ్చిందో ఆపరేటర్ చెప్పగలడు. నగరంలో ఆ ముక్క కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు, పల్లెల్లో కిలోమీటర్లే. మా దగ్గరైతే ఆ ఒక్క ముక్కలోనే బోలెడన్ని పీజీ హాస్టళ్లు.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. అత్యవసర నంబర్ నొక్కగానే ఫోన్ తనంతట తానే జీపీఎస్, వైఫై ఆన్ చేసుకుని, దొరికిన లొకేషన్‌ను కంట్రోల్ రూమ్‌కి పంపేస్తుంది. ఏ యాప్ అక్కర్లేదు. బ్రిటన్‌లో ఇది 2014లో మొదలైంది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మార్చి 17 నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లలో ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి. అమెరికా ఇంకా కఠినంగా వెళ్లింది: వైర్‌లెస్ కాల్స్‌లో 80 శాతానికి 50 మీటర్ల లోపు లొకేషన్ ఇవ్వాలని ఆపరేటర్లకు గడువులు పెట్టింది, ఎత్తుకు కూడా 3 మీటర్ల కొలత చేర్చింది.

ఆ ఎత్తు సంగతి బెంగళూరుకు చాలా ముఖ్యం. ఇక్కడి ముప్పై బై నలభై అడుగుల సైట్లున్న వీధుల్లో 50 మీటర్లంటేనే రెండు మూడు క్రాసులు కలిసిపోతాయి. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ టవర్లలోనైతే చుక్క సరైన బ్లాక్ మీదే పడినా, నాలుగో అంతస్తా, పద్నాలుగోదా? స్ట్రెచర్‌తో లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్లకు అది చిన్న ప్రశ్న కాదు.

మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లలోని ఈ సేవను 2025 డిసెంబర్‌లో ఉత్తరప్రదేశ్ తన 112కి కలుపుకుంది. సంతోషమే. కానీ ప్రాణం నిలబెట్టే ఏర్పాటు రాష్ట్రానికో తీరుగా, వాళ్ల చొరవను బట్టి రావడం నాకు నచ్చదు. ఫోన్ కంపెనీ పంపాలి, ఆపరేటర్ చేరవేయాలి, కంట్రోల్ రూమ్ అందుకోవాలి, 108 వాళ్లు దాన్ని బండికి అందించాలి. వీటిలో ఏ ఒక్కటి తెగినా మళ్లీ "ల్యాండ్‌మార్క్ హేళి" దగ్గరికే వస్తాం. అందుకే కేంద్రం రాసే నిబంధన ఈ నలుగురినీ పేరుపెట్టి బాధ్యుల్ని చేయాలి. ఇళ్ల లోపల, బేస్‌మెంట్లలో నిజంగా కాల్స్ చేసి పరీక్షించి, ఫలితాలను జిల్లాలవారీగా బయటపెట్టాలి.

నిఘా భయం ఉన్నవాళ్ల మాట నేను తేలిగ్గా తీసుకోను. కాల్ చేసినప్పుడే లొకేషన్ వెళ్లాలి, పని అయ్యాక చెరిగిపోవాలి, ఇంకో అవసరానికి వాడకూడదు. ఇదీ ఆ నిబంధనలోనే ఉండాలి. ప్రాణాపాయం ఉన్న వైద్య అత్యవసరంలో విడిగా సమ్మతి అడగకుండా సమాచారం వాడుకోవచ్చని 2023 నాటి డేటా రక్షణ చట్టం ఎలాగూ చెబుతోంది.

ఇంకొక్క మాట. మా బిల్డింగ్ వాచ్‌మన్‌ది మదనపల్లె. ఆయన చేతిలో ఉన్నది బటన్ ఫోన్, అందులో నీలం చుక్క లేదు. ఆయన కాల్ చేస్తే చుట్టూ ఉన్న టవర్ల సిగ్నళ్లను బట్టి చోటును వీలైనంత దగ్గరగా లెక్కగట్టాల్సింది ఆపరేటరే. స్మార్ట్‌ఫోన్ కంపెనీలకు ఒక ఉత్తర్వు ఇచ్చి చేతులు దులుపుకుంటే, రాత్రంతా మా గేటు దగ్గర మేలుకుని ఉండే ఆ మనిషి లెక్కలోకే రాడు.