డిగ్రీ ప్లానర్ గారికి, మీ పచ్చ టిక్కు గురించి

మా యూనివర్సిటీలో ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే సాఫ్ట్‌వేరైన మహారాజశ్రీ డిగ్రీ ప్లానర్ గారి సముఖానికి, అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ ఆఖరి సెమిస్టర్ గుమ్మం దాకా వచ్చిన విద్యార్థి నమస్కరించి రాయునది. ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు. మీరు క్షేమమే, మీ స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ తెరిచారు. నాకు మిగిలింది ఒకే ఒక్క కోర్సు, దాన్ని వచ్చే స్ప్రింగ్‌లో (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్) పెట్టేసి నిశ్చింతగా ఉండమని మొదటి సెమిస్టర్‌లోనే చెప్పింది తమరే. తీరా చూస్తే క్లాస్‌రూమ్ సెక్షన్ లేదు, మళ్లీ ఫాల్‌లోనేనట, అంటే ఆగస్టు సెమిస్టర్‌లో. డిగ్రీకి ఏ కోర్సులు కావాలో తమరికి కంఠతా వచ్చు గానీ, వాటిని ఆ సెమిస్టర్‌లో చెప్పేవాళ్లు ఉన్నారో లేరో చూడటం మీ స్థాయికి తగిన పని కాదు కాబోలు.

టీకా కాగితం ఎప్పుడో ఇచ్చినా తొలగించని హోల్డు (రిజిస్ట్రేషన్‌కి పెట్టే అడ్డు), సరిగ్గా సబ్మిట్ నొక్కేటప్పుడు అయిపోయే సెషన్, వీటిని వదిలేస్తున్నాను.

కానీ ఆ తర్వాత మీరు చేసిన ఉపకారం వదలలేను. దాని బదులు ఆన్‌లైన్ సెక్షన్ పెట్టి, 'ఆన్ ట్రాక్' అని పచ్చ టిక్కు కొట్టారు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఆఖరి సెమిస్టర్‌లో ఒకే కోర్సు మిగిలితే అది ఒట్టి ఆన్‌లైన్ కోర్సు కాకూడదండీ. నేను ఏ వీసా మీద ఉన్నానో యూనివర్సిటీ రికార్డులో ఉంది, ఫీజు వేసేటప్పుడు మాత్రం ఎవరూ మర్చిపోరు. మీ టిక్కు నమ్మి ఊరుకుంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే స్టేటస్ పోతుంది, దాంతోపాటు ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ కొంతకాలం పనిచేసుకునే అనుమతి), చేతిలో ఉన్న ఉద్యోగం ఆఫరూ. ఫాల్ దాకా ఆగుదామంటే ఐ-20 (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) పొడిగింపు, ఇంకో సెమిస్టర్ అద్దె, ఇంట్లో నాన్నకి చెప్పడానికో కథ.

ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే, ఆన్‌లైన్ కోర్సుతోపాటు ఒక్క క్రెడిట్‌దైనా సరే, క్లాసుకి వెళ్లి కూర్చునే కోర్సు ఇంకోటి తీసుకోమన్నారు. వెతగ్గా వెతగ్గా ఖాళీ ఉన్నది బౌలింగ్. తీసుకున్నాను. వెంటనే తమరు మేల్కొని ఎర్ర రంగులో 'ఈ కోర్సు మీ డిగ్రీకి లెక్కలోకి రాదు' అన్నారు. వీసా పోగొట్టేదానికి పచ్చ, కాపాడేదానికి ఎరుపు! ఒరేయ్, నీకు రంగులు నేర్పిందెవడ్రా?

నీ జాతి మొత్తాన్నీ తిట్టడం లేదు. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో 2012 నుంచి ఇలాంటి వ్యవస్థే ఒకటి ఉంది, 800కి పైగా ప్రమాద సంకేతాలు గమనిస్తూ, తేడా కనిపిస్తే అడ్వైజర్‌కి కబురు పెడుతుంది, ఆ మనిషి విద్యార్థిని పిలిచి మాట్లాడతారు. నీ కబురు నాకే వస్తుంది, అదీ జవాబు ఇవ్వడానికి వీల్లేని మెయిల్ నుంచి. మొదటి సెమిస్టర్‌లో ప్రీరిక్విజిట్ (ముందే పూర్తి చేయాల్సిన కోర్సు) ఒకటి మర్చిపోతుంటే నువ్వే పట్టుకున్నావు, ఆ విశ్వాసం నాకుంది. అందుకే కదా నమ్మి కూర్చున్నాను.

ఇకనుంచి ఏ టిక్కైనా కొట్టేముందు టైమ్‌టేబుల్ ఒకసారి చూడు, వీసా గడి ఒకసారి చూడు. అంతదాకా ఆ పచ్చ రంగు తీసెయ్. బౌలింగ్ ఫీజు, షూస్ అద్దె బిల్లులు దీంతో జతపరుస్తున్నాను, కట్టెయ్.