మొదటి అంకె దగ్గరే అన్యాయం

మోటారు వాహన ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు సాక్ష్యం చెప్పడానికి నిలబడితే, బీమా కంపెనీ తరఫు న్యాయవాది తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది. మీ ఆయన నెలకు ఇంత సంపాదించేవాడని చూపడానికి కాగితం ఏమైనా ఉందా? తాపీ మేస్త్రి భార్య దగ్గర, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మినవాడి భార్య దగ్గర, కౌలురైతు భార్య దగ్గర అలాంటి కాగితం ఉండదు. ఆమె నోట ‘లేదు’ అన్న మాట రాగానే ఆ కుటుంబానికి దక్కాల్సిన పరిహారంలో సగం చేజారిపోయే ప్రమాదం ఉంది. రోడ్డు మీద జరిగిన నష్టానికి తోడు కోర్టులో జరిగే ఈ రెండో నష్టం గురించి మాట్లాడేవారు తక్కువ.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారని, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారేనని కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. మన ఊళ్లలో పొద్దున్నే పనికి బయల్దేరే మేస్త్రికి, కూలికి, చిరు వ్యాపారికి మోటారు సైకిలే ఆధారం. అంటే ప్రమాదానికి ఎక్కువగా గురయ్యేవారిలో జీతం చీటీ లేనివారు పెద్ద సంఖ్యలో ఉంటారు. పరిహారాన్ని లెక్కగట్టే పద్ధతి మాత్రం ఆ చీటీ ఉన్నవారికే నిండుగా అక్కరకు వస్తోంది.

పద్ధతిలో లోపం లేదనే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్ ‘న్యాయమైన పరిహారం’ ఇవ్వాలని మాత్రమే చెప్పి ఊరుకుంటే, ఆ న్యాయం ఒక్కో కోర్టులో ఒక్కో తీరుగా ఉండకుండా సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017 అక్టోబర్ 31న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ప్రణయ్ సేథీ కేసులోను దారి ఏర్పరచాయి. మృతుడి ఆదాయం ఎంతో ముందు తేల్చాలి. బతికి ఉంటే అది పెరిగేది కాబట్టి వయసును బట్టి కొంత కలపాలి. 40 ఏళ్ల లోపు శాశ్వత ఉద్యోగికి 50 శాతం, సొంత పని చేసుకునేవారికి 40 శాతం. తన కోసం ఖర్చు పెట్టుకునే వాటాను అందులోంచి తీసేయాలి. ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురుంటే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే నాలుగో వంతు, పెళ్లి కానివారికి సాధారణంగా సగం. మిగిలిన దాన్ని ఏడాదికి లెక్కగట్టి, కోర్టుల్లో మల్టిప్లయర్ అని పిలిచే గుణకంతో హెచ్చించాలి. పాతికేళ్ల లోపు వయసుకు అది 18, అక్కడి నుంచి తగ్గుతూ 65 దాటినవారికి 5 అవుతుంది. పెళ్లి కాని కొడుకు చనిపోతే చూడాల్సింది అతని వయసునే గాని తల్లిదండ్రుల వయసును కాదని కూడా స్పష్టమైంది. అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి, తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు వేరు. 40,000 రూపాయలుగా మొదలైన తోడు నష్టం, మూడేళ్లకు పది శాతం పెంపుతో 2023 తర్వాత 48,400 అయింది. భార్యకే కాక పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా దాన్ని ఇవ్వాలని 2018లో మరో తీర్పు వచ్చింది.

ఇంత పకడ్బందీ లెక్కలోకి మొదట వెళ్లే అంకె మాత్రం చాలాసార్లు ఊహే. ఉదాహరణకు 34 ఏళ్ల తాపీ మేస్త్రి, అతని మీద ఆధారపడిన భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. రోజుకు 900 చొప్పున నెలకు 20 రోజుల పని దొరికితే అతని సంపాదన 18,000 రూపాయలు. దానికి 40 శాతం కలిపి, నాలుగో వంతు తీసి, పన్నెండు నెలలకు లెక్కగట్టి, అతని వయసుకు వర్తించే 16తో హెచ్చిస్తే 36,28,800 రూపాయలు వస్తుంది. కాగితం లేదు కాబట్టి 9,000 అనుకుందామని ట్రిబ్యునల్ అంటే అది 18,14,400 అవుతుంది. వయసు అదే, గుణకం అదే, అనాథలైన పిల్లలూ వాళ్లే. ఈ కుటుంబం విషయంలో నెలసరి ఆదాయంలో వెయ్యి రూపాయల తేడా చివరికి 2,01,600 రూపాయల తేడాగా తేలుతుంది. వెయ్యి తగ్గిద్దామని అలవాటుగా అనేసే మాట ఖరీదు, ఒక బిడ్డ చదువంత.

మేస్త్రి సంపాదనకు రుజువులు లేకపోలేదు. అతని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న చిన్న పుస్తకంలో ఏ రోజు ఎవరింట్లో పని చేశాడో, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో, ఎంత బాకీ ఉందో పెన్సిలుతో రాసి ఉంటుంది. ఫోన్‌లో యూపీఐ చెల్లింపులు ఉంటాయి. పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు ఉంటాడు. అయితే కేసు విచారణకు వచ్చేసరికి ఆ పుస్తకం కనబడదు, ఫోన్ ప్రమాదంలోనే పగిలి ఉంటుంది, కోర్టుకు వస్తే తన లెక్కలు అడుగుతారేమోనని కాంట్రాక్టరు జంకుతాడు. అక్షరం ముక్క రాని ఇల్లాలు ఏ రుజువును దాచిపెట్టుకోవాలో ముందుగా తెలుసుకుని ఉండాల్సిందని ఆశించడం ధర్మం కాదు.

అసంఘటిత రంగంలో పనిచేసేవారి నుంచి ఆదాయానికి రాతపూర్వక రుజువే కావాలని పట్టుబట్టవద్దని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. రుజువు లేనప్పుడు కనీస వేతనాల నోటిఫికేషన్ ఒక కొలమానమే తప్ప అదే తుది మాట కాదని 2021లో కూడా స్పష్టం చేసింది. పొరుగున ఉన్న కర్ణాటకలో రాష్ట్ర న్యాయసేవల సంస్థ ఏ ఏడాది ప్రమాదానికి ఎంత ఆదాయం అనుకోవాలో ఒక పట్టిక తయారుచేసింది. లోక్ అదాలత్ రాజీల కోసం మొదలైన ఆ పట్టికను అక్కడి హైకోర్టు కూడా అప్పీళ్లలో అనుసరిస్తోంది. రుజువు దొరికితే దాని ప్రకారం, దొరకకపోతే కనీసం ఆ పట్టిక ప్రకారం లెక్క వేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ న్యాయసేవల సంస్థలు కూడా ఇక్కడి కూలి రేట్లను, వృత్తులను లెక్కలోకి తీసుకుని అలాంటి పట్టికను ఏటా ప్రకటించాలని మేము కోరుతున్నాం. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీపై అప్పీలు ఉండదు కాబట్టి, అక్కడికి వెళ్లే కుటుంబానికి తన వాటా ఎంతో ముందుగా తెలియడం మరీ అవసరం.

జీతమే లేని ఇల్లాలి విషయంలో సుప్రీంకోర్టు చూపిన చొరవ ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఢిల్లీలో మోటారు సైకిలు మీద వెళ్తున్న భార్యాభర్తలను కారు ఢీకొనగా ఇద్దరూ చనిపోయిన కేసులో 2021 జనవరిలో తీర్పు వెలువడింది. వంట, పిల్లల పెంపకం, పెద్దల సేవ, పొలం పని దాకా ఆడవాళ్లు చేసే చాకిరీకి విలువ కట్టడం దయ కాదని, వారి శ్రమకు ఇచ్చే గుర్తింపు అని మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో వేరుగా రాసిన అభిప్రాయం సారాంశం. భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని ఆమెకూ కలపాలని ఆ ధర్మాసనం తేల్చింది. ఒక్క పైసా జీతం లేని శ్రమకు విలువ కట్టగలిగినప్పుడు, రోజూ కూలి అందుకున్న శ్రమకు కట్టడం కష్టమేమీ కాదు.

ప్రాణం దక్కి ఒళ్లు దెబ్బతిన్నవారి పరిస్థితి ఇంకా చిక్కు. మణికట్టు విరిగి రాడ్డు వేయించుకున్న మనిషికి డాక్టరు ఆ చేతికి 30 శాతం వైకల్యం అని రాస్తే, మొత్తం శరీరానికి అందులో మూడో వంతని కుదించి, పది శాతం సంపాదన పోయిందని లెక్క తేల్చడం ఒక అలవాటుగా మారింది. చూడాల్సింది ఆ చేతితో అతను ఏ పని చేసి బతుకుతున్నాడన్నది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విడమరిచి చెప్పింది. ఎడమ చేయి పోయిన గుమాస్తా తన ఉద్యోగంలో కొనసాగగలడు, అదే చేయి పోయిన వడ్రంగికి గాని డ్రైవరుకు గాని పూర్తి జీవనాధారం పోయినట్టే కావచ్చు. వైద్య సాక్ష్యం వచ్చినప్పుడు ట్రిబ్యునల్ ఊరికే చూస్తూ కూర్చోకూడదని, ఆ గాయం బతుకు మీద చూపే ప్రభావాన్ని తానే అడిగి తెలుసుకోవాలని కూడా చెప్పింది. గమేళా ఎత్తలేని, తూకం దారం పట్టి నిలబడలేని మేస్త్రికి పది శాతం అనడం ఆ తీర్పును చదవనట్టే.

తప్పు ఎవరిదన్న మాటతోనూ కోత పడుతుంది. బండి మీద ముగ్గురున్నారు కాబట్టి చనిపోయినవాడి తప్పూ ఉందని ఓ కేసులో ఢిల్లీ హైకోర్టు పరిహారం తగ్గిస్తే, 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ముగ్గురు ఎక్కడం చట్ట ఉల్లంఘనే అయినా, ఢీకొనడానికో గాయం తీవ్రం కావడానికో అది కారణమైందని నిరూపిస్తేనే కోత విధించాలంది. హెల్మెట్ విషయంలోనూ ఇదే న్యాయం వర్తించాలి. 2022లో హెల్మెట్ లేకుండా 50,029 మంది చనిపోయారన్న లెక్క ప్రతి ఇంట్లోనూ గుర్తుండాల్సిందే. అయినా కాలు నుజ్జయినవాడి పరిహారాన్ని తలకు హెల్మెట్ లేదన్న సాకుతో తగ్గించడం కుదరదు.

లెక్క ఎంత సరిగా తేలినా చెల్లించేవారు లేకపోతే అది కాగితానికే పరిమితం. అరువు తెచ్చిన బండి మీద పోతూ గేదె అడ్డం వచ్చి పడి చనిపోతే, బండి నడిపినవాడు యజమాని స్థానంలోకి వస్తాడని, ఆ బండి బీమా నుంచి థర్డ్ పార్టీ పరిహారం, అంటే బయటివారికి జరిగిన నష్టానికి ఇచ్చేది, అడగలేడని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే ఆ మేరకే దక్కుతుంది. 2018 నుంచి యజమానికి ఆ బీమా 15 లక్షలు. వెనక కూర్చున్నవారి సంగతీ అంతే. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే వారికి రక్షణ లేదని 2006లోనే తీర్పు వచ్చింది, సొంత బండి నష్టాన్ని కూడా కలుపుకునే ప్యాకేజీ పాలసీ అయితే ఉంటుంది. బావమరిది బండి తీసుకుని, భార్యను వెనక ఎక్కించుకుని ఊరెళ్లడం మనకు నిత్యకృత్యం. ఈ రెండు సంగతులూ బండి అమ్మేచోట కొనేవాడికి తెలుగులో చెప్పించే బాధ్యతను బీమా నియంత్రణ సంస్థ తీసుకోవాలి.

గడువు మరో దెబ్బ. 1994లో ఎత్తేసిన కాలపరిమితిని 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ తెచ్చి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలన్నారు. కట్లు విప్పకముందే, దినకర్మల అప్పు తీరకముందే ఆరు నెలలు గడిచిపోతాయి. ఈ గడువును పార్లమెంటు తొలగించాలన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఆ రోజే అమల్లోకి వచ్చిన నిబంధనల్లో బాధితులకు నిజంగా పనికొచ్చేది కూడా ఒకటుంది. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పంపాలి. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా ట్రిబ్యునల్ స్వీకరించాలి. దీన్ని కచ్చితంగా అమలు చేయాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఇది సరిగా నడిస్తే ఆరు నెలల గడువు భయం చాలావరకు తీరుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మృతుడి వృత్తి, సంపాదన గురించి విచారించే అవకాశం కాంట్రాక్టరు ఇంకా ఊళ్లో ఉండగానే, పనిచేయించుకున్న ఇంటివారికి ఇంకా గుర్తుండగానే దొరుకుతుంది. దర్యాప్తు చేసే ఎస్సై పంచనామా రాసేటప్పుడు రోడ్డు మీద టైర్ల గీతలతో పాటు ఆ మేస్త్రి జేబులోని పుస్తకాన్నీ స్వాధీనం చేసుకుని నివేదికకు జతచేయాలని రెండు రాష్ట్రాల డీజీపీలు ఉత్తర్వులివ్వాలి.