పెళ్లి నిజమైనప్పుడు కథ ఎందుకు?

ముంబయి బాంద్రా కుర్లా కాంప్లెక్స్ దగ్గర్లో ఓ హోటల్ గది. తెల్లారితే అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. మన దేశం నుంచి వెళ్లేవారికి వలస వీసాలు ఇచ్చేది అక్కడే. అమెరికా పౌరుణ్ని గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ని గానీ పెళ్లాడిన అమ్మాయిది శ్రీకాకుళమైనా ఆదిలాబాద్ అయినా ముంబయి రావాల్సిందే. మంచం మీద ఫైలు విప్పి తండ్రి కాగితాల వరస సరిచూస్తుంటాడు. తల్లి పెళ్లి ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరో తెలిసినవాళ్లు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నలు చూసి తమ్ముడు అక్కను అడుగుతుంటాడు. ‘బావ పనిచేసే కంపెనీ ఏది? జీతం ఎంత? ఉండేది అద్దింట్లోనా, సొంతింట్లోనా?’ అమ్మాయి వీడియో కాల్‌లో ఉన్న భర్త వైపు చూస్తుంది. అతను చెబుతాడు, ఆమె నోటుపుస్తకంలో రాసుకుంటుంది. రాత్రి రెండింటి దాకా ఇదే టెన్షన్.

ఆ గదిలో ఉన్నవాళ్లు ఎవరినీ మోసం చేయడానికి రాలేదు. ఊరంతా చూస్తుండగా జీలకర్ర బెల్లం పెట్టుకుని, మూడు ముళ్లు వేసి, అప్పగింతలప్పుడు అందరూ కంటతడి పెట్టిన పెళ్లి అది. అలాంటి పెళ్లిని పరీక్ష పాఠంలా బట్టీ పట్టాల్సి రావడం మాకు బాధగా ఉంది. ఇందులో అక్కడి అధికారుల పాత్ర కొంత ఉంది. ఎక్కువ పాత్ర మన ఇళ్లదేనని మొహమాటం లేకుండా చెప్పదలచుకున్నాం.

అసలు అమెరికా అధికారులు తేల్చుకోవాలనుకునేది ఒకటే. పెళ్లి చేసుకున్న నాడు ఇద్దరికీ కలిసి కాపురం చేయాలన్న ఉద్దేశం ఉందా, లేదా? 1975లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు ఒకటి ఈ గీటురాయి పెట్టింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. పెద్దలు కుదిర్చిన పెళ్లి కావడం అక్కడి చట్టం దృష్టిలో లోపం కాదు, ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఉంటే చాలు. భార్య ఇంటిపేరు మార్చుకోలేదన్నదీ తప్పు కాదు. ఉన్న ఆధారాలన్నీ కలిపి చూసినప్పుడు ఈ పెళ్లి నిజమయ్యే అవకాశమే ఎక్కువని అనిపించాలి. అయితే వీసా కోసమే చేసుకున్న ఉత్తుత్తి పెళ్లని తేలితే మాత్రం అయిదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. ఒకసారి ఆ ముద్ర పడితే, రేపు భార్యో భర్తో తోబుట్టువో ఎవరు పిటిషన్ వేసినా ఆమోదించరు. 1986లో తెచ్చిన చట్టం ప్రకారం పెళ్లయి రెండేళ్లు నిండకుండా వెళ్లినవారికి ముందు రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే ఇస్తారు. ఆ గడువు ముగిసేలోపు చివరి 90 రోజుల్లో భార్యాభర్తలు కలిసి దరఖాస్తు పెట్టుకుని, కాపురం నిజమని మళ్లీ చూపించుకోవాలి. డబ్బు చేతులు మారే పెళ్లిళ్లు లోకంలో ఉన్నాయి కాబట్టి ఈ కట్టుదిట్టాన్ని మేము తప్పుపట్టడం లేదు.

చిక్కంతా మన పెళ్లి నడక వాళ్లకు కొత్త కావడం దగ్గర మొదలవుతుంది. అబ్బాయికి మూడు వారాల సెలవు. దిగిన మూడో రోజు పెళ్లిచూపులు, వారంలో నిశ్చితార్థం, దగ్గర్లో ఉన్న ముహూర్తానికి పెళ్లి, వ్రతం, ఆ వెంటనే ఎయిర్‌పోర్టు. ఇంత మాత్రమే చెబితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ మూడు వారాల వెనక నెలల తరబడి వాకబు ఉందని మనకు తెలుసు. మ్యాట్రిమోనీ సైట్‌లో ప్రొఫైల్ చూడటం, జాతకాలు చూపించడం, అబ్బాయి రూమ్‌మేట్ల దగ్గర ఆరా తీయడం, మేనమామ వెళ్లి వాళ్ల ఊళ్లో విచారించి రావడం. రెండిళ్లవాళ్లు సంబంధం గురించి పంపుకొన్న మెసేజ్‌లు ఫోన్లలో ఇంకా ఉంటాయి. వాటిని ఫైల్లో పెట్టాలని ఎవరికీ తోచదు.

అబ్బాయి ఇక్కడున్న ఆ నాలుగు రోజుల్లోనే ఆషాఢం వస్తే అమ్మాయి పుట్టింట్లో ఉండిపోతుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు వేర్వేరు ఇళ్లలో ఎందుకున్నారని అధికారి అడగవచ్చు. ‘ఆషాఢమండీ, కొత్త కోడలు అత్తవారింట్లో ఉండకూడదని మా ఆచారం’ అని చెబితే అయిపోయేది. అలా చెబితే నమ్మరేమోనని భయపడి, ‘ఒంట్లో బాగాలేదని చెప్పు’ అని నేర్పించి పంపేవాళ్లున్నారు. తర్వాతి ప్రశ్న ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అని వస్తుంది. అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. ఏ మచ్చా లేని పెళ్లికి కాన్సులేట్ కిటికీ దగ్గర ఒక అబద్ధం అంటుకుంటుంది.

ఆల్బమ్ సంగతీ అంతే. బరువైన కరిజ్మా ఆల్బమ్ మోసుకుని వెళతారు. అందులో సగం ప్రీవెడ్డింగ్ షూట్, డ్రోన్ షాట్లు, పొగమంచులో నిలబెట్టి తీసిన పోజులు. డబ్బు పెడితే అవి ఎవరికైనా తీస్తారు. తలంబ్రాలు పోసుకుంటుంటే వెనక నిలబడి నవ్వుతున్న మేనత్త, రెండు వైపుల తాతలు పక్కపక్కన కూర్చున్న బంతి భోజనం, వ్రతం నాడు అమ్మాయి జడ సవరిస్తున్న ఆడపడుచు ఉన్న ఫోటోలను మాత్రం ఎవరూ డబ్బిచ్చి పుట్టించలేరు. వాటిని ఫోటోగ్రాఫర్ ఆల్బమ్‌లోకి తీసుకోడు, బాగా రాలేదని పక్కన పెడతాడు. అడిగి తెచ్చుకోవాల్సినవి అవే. ఇక చాట్లు. రాత్రి పదకొండింటికి ‘తిన్నావా?’ అని ఒకరు, ‘తిన్నా. నువ్వు లేచావా?’ అని ఇంకొకరు. ‘అమ్మకి బీపీ టాబ్లెట్లు అయిపోయాయట, తెప్పించు’, ‘అద్దె కట్టేశా, ఈ నెల కొంచెం తక్కువ పంపుతా’. ఇందులో ప్రేమ కబుర్లు లేవని మనవాళ్లు చూపించడానికి సిగ్గుపడతారు. కాపురం అంటే ఈ మాటలే. నెలల పాటు తేదీలతో సహా ఉన్న ఇలాంటి మాటల ముందు, నిన్న మొన్న హడావుడిగా తెరిచిన జాయింట్ అకౌంట్ ఏపాటిది?

అన్నిటికంటే ఎక్కువగా కాపురాలను ఇరుకున పెడుతున్న అలవాటు మరొకటి ఉంది. ముహూర్తం ఆగస్టులో. వీసా పని త్వరగా కావాలని జనవరిలోనే రిజిస్ట్రేషన్ చేయించేస్తారు. పెళ్లే జరగకుండా సర్టిఫికెట్ ఎలా వస్తుందంటే, ఏదో గుడిలో పెళ్లయినట్టు ఓ కాగితం పుట్టిస్తారు. ‘అందరూ చేసేదే’ అని మధ్యవర్తి ధైర్యం చెబుతాడు. తర్వాత ఇంటర్వ్యూలో మీ పెళ్లి ఎప్పుడైందని అడిగితే అబ్బాయి కాగితం ప్రకారం జనవరి అని రాసి ఉంటాడు, అమ్మాయి నోట ఆగస్టు అని వస్తుంది. అధికారి ఫైలులో అది పొంతన లేని జవాబుగా మిగిలిపోతుంది.

2024 ఏప్రిల్ 19న జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు సరిగ్గా ఈ అలవాటు మీదే వేలు పెట్టింది. హిందూ వివాహ చట్టం కింద తంతు జరగనిదే పెళ్లి లేదు, జరగని పెళ్లికి రిజిస్ట్రేషన్ చేసినంత మాత్రాన అది పెళ్లి అయిపోదు అని చెప్పింది. విదేశీ వీసాల కోసం ముందే రిజిస్ట్రేషన్ చేయిస్తున్న తల్లిదండ్రుల గురించీ అందులో ప్రస్తావించింది. ఆ మధ్యలో సంబంధం చెడితే ఆ అమ్మాయి పరిస్థితి ఏమిటి? పెళ్లయిందని చెప్పాలా, కాలేదని చెప్పాలా? మన రెండు రాష్ట్రాల్లో కూతురిని అమెరికా పంపాలనుకునే ప్రతి ఇంట్లో ఆ తీర్పు సారాంశం చదవాలి. తొందర నిజమే అయితే దారులున్నాయి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగితే తంతుతో పని లేకుండానే చెల్లుబాటయ్యే పెళ్లి అవుతుంది. అబ్బాయి సెలవు అంతకాలం లేదంటే, ఇరువైపుల పెద్దల సమక్షంలో గుడిలో శాస్త్రోక్తంగా పెళ్లి జరిపించి అదే తేదీతో రిజిస్టర్ చేయించాలి. పెద్ద విందు వీలు చూసుకుని పెట్టుకోవచ్చు. ఆ సంగతి అధికారికి ఉన్నదున్నట్టు చెప్పవచ్చు.

హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న అబ్బాయి భార్యగా హెచ్‌4 వీసాకు వెళ్లే అమ్మాయికి ముంబయి ప్రయాణం లేదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఇంటర్వ్యూ. మాటలు కొద్ది నిమిషాలే. అయితే 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు, వాటిని పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. జనవరిలో పెళ్లయిందని కాగితం చెబుతుంటే మే నెలలో ఇన్‌స్టాలో నిశ్చితార్థం ఫోటోలు కనబడితే ఏమని చెప్పుకోవాలి?

కొందరు కన్సల్టెన్సీల వాళ్లు అచ్చుగుద్దినట్టు ఒకే జవాబులు నేర్పి పంపడం కూడా మానాలి. అమెరికాలో ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసిన జంట మీద అనుమానం వస్తే ఇద్దరినీ వేరు చేసి ఒకే ప్రశ్నలు అడుగుతారు. న్యూయార్క్‌లో నడిచిన ఓ కేసు పేరుతో దాన్ని స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు. మంచానికి ఏ వైపు పడుకుంటారు, రాత్రి ఏం వండారు, పొద్దున్న ముందు లేచేది ఎవరు వంటి ప్రశ్నలు వస్తాయి. కలిసి బతికేవాళ్లకు ఇందులో కొన్ని గుర్తుండవు. ‘గుర్తులేదండీ’ అనడం నూటికి నూరుపాళ్లు సరైన జవాబు. ఊహించి చెప్పడమే ప్రమాదం. ఇంగ్లిష్ తడబడితే తెలుగులో మాట్లాడతానని మొదటే అడగాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

మళ్లీ ఆ హోటల్ గదిలో నోటుపుస్తకం దగ్గరికి వద్దాం. భర్త అక్కడి పౌరుడా, గ్రీన్‌కార్డు ఉన్నవాడా, ఎంత సంపాదిస్తున్నాడు, ఎవరితో కలిసి ఉంటున్నాడు, ఇంతకుముందు పెళ్లయి విడాకులు తీసుకున్నాడా, ఆ విడాకుల డిక్రీ తుదిదేనా? వీటిని ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి ఆ అమ్మాయి రాసుకుంటోందంటే, తాళి కట్టించుకునేనాటికి ఆమెకు ఇవి ఎవరూ చెప్పలేదన్నమాట. అబ్బాయి జీతం గురించి మామగారు అడగవచ్చు, మేనమామ అడగవచ్చు, అమ్మాయి అడిగితే మాత్రం ‘అప్పుడే లెక్కలు మొదలుపెట్టిందే’ అంటారు. పరాయి దేశపు అధికారి అద్దాల వెనక కూర్చుని అడిగే ప్రశ్నలన్నీ పెళ్లిచూపుల రోజున ఆమె అడగాల్సినవి. వాటికి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకునే హక్కు ఆమెకుంది. అవి అడిగితే చెడిపోయే సంబంధం, చెడిపోవడమే మేలు. పెళ్లి చేసుకుని వెళ్లి మళ్లీ తిరిగి చూడని ఎన్నారై అల్లుళ్ల మీద ఫిర్యాదులు మోసుకుని తిరుగుతున్న తల్లిదండ్రులకు ఈ మాట విలువ తెలుసు. వీసాకు పనికొచ్చే కాగితాలే రేపు భరణానికి, కోర్టుకు, పాస్‌పోర్టు కార్యాలయానికి ఆమె చేతిలో ఆయుధాలవుతాయి. అందుకే అసలు సర్టిఫికెట్, ఫోటోలు, భర్త పత్రాల నకళ్లు అమ్మాయి దగ్గర ఓ సెట్ ఉండాలి. అన్నీ అత్తవారింటి బీరువాలో ఉండకూడదు.

అమెరికా అధికారులకు చెప్పాల్సిందీ ఉంది. 2024 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు, విదేశీ భార్యనో భర్తనో దేశంలోకి రప్పించుకోవడం పౌరుడికి రాజ్యాంగపరమైన ప్రాథమిక హక్కు కాదని తీర్పునిచ్చింది. కాన్సులర్ అధికారి వీసా నిరాకరిస్తే కోర్టుకు వెళ్లే దారి అంతకుముందే ఇరుకు, ఇప్పుడు ఇంకా ఇరుకైంది. ఒక మనిషి నిర్ణయానికి ఇంత బరువు ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చున్న అమ్మాయి భర్త పేరు పలకడానికి తటపటాయిస్తే అది పుట్టినప్పటినుంచీ ఉన్న మర్యాదా, లేక తెలియకపోవడమా అన్నది తేల్చుకునే ఓపిక ఆ మనిషికి ఉండాలి. ఆషాఢం అంటే ఏమిటో, పెళ్లి ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, జీతాలు తండ్రి చేతికి ఎందుకిస్తారో తెలిసిన స్థానిక సిబ్బంది సాయం ప్రతి అనుమానం దగ్గరా తీసుకోవాలి.

మన ప్రభుత్వాలు ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలి. పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి అంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే మాట చెప్పింది. అయినా వీసా పని పడితే తప్ప సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గడప తొక్కనివాళ్లు ఇప్పటికీ ఎందరో. అక్కడికి వెళితే పాస్‌పోర్టులో ఇంటిపేరు ఓ చోట, ఆధార్‌లో ఓ చోట, పదో తరగతి మెమోలో పుట్టినతేదీ ఇంకోటి. ఒక్క అక్షరం సరిచేయించడానికి మళ్లీ మధ్యవర్తే దిక్కవుతున్నాడు. పెళ్లి జరిగిన వారంలోనే, మండపం ఉన్న ఊళ్లోనే, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో సర్టిఫికెట్ చేతికందేలా రెండు రాష్ట్రాలూ ఏర్పాటు చేయాలి. ఇక కేంద్రం సంగతి. ఎన్నారై పెళ్లిళ్లను 30 రోజుల్లో నమోదు చేయించాలన్న బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభ ముందుకు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలంది, భార్యాభర్తల పాస్‌పోర్టులను ఒకదానితో ఒకటి జోడించి వాటిలో వివాహ నమోదు సంఖ్య వేయాలంది. ఆ చట్టం ఇంకా రాలేదు. వచ్చే సమావేశాల్లోనైనా దాన్ని సభ ముందు పెట్టాలని, తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకతీతంగా పట్టుబట్టాలని మేము కోరుతున్నాం.