పాతిక లక్షల మూడు వందల మెయింటెనెన్సు

మా అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారిగా ఎన్నికైన సాయంత్రమే మా పెదనాన్న, ఇకమీదట నెలవారీ మెయింటెనెన్సు లెక్కలన్నీ తాను స్వయంగా రాయబోయే ప్రోగ్రాము ద్వారానే నడుస్తాయని, సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్న సభ్యులందరి ముందూ ప్రకటించారు. అప్పటికి ఆయనకు ప్రోగ్రామింగులో ఓనమాలు కూడా రావు. ఆ సంగతి ఎవరో మెల్లగా గుర్తు చేయబోతే, రోడ్డు వేయడం రాకుండానే సర్వీసంతా రోడ్ల బిల్లులకు ఆబ్జెక్షన్లు వేశానని, ఖజానా శాఖలో పనిచేసినవాడికి ఏ విద్యా కొత్త కాదని ఆయన సెలవిచ్చారు. ఈ మాత్రం దానికి ఎక్సెల్ చాలదా అని పాఠకులకు తోచవచ్చు. మాకూ తోచింది. ఎవరు ఏ గడిలో అంకె మార్చినా పక్కన పొట్టి సంతకం పెట్టనక్కరలేని పుస్తకాన్ని తాను లెక్కల పుస్తకంగా గుర్తించలేనని ఆయన ఆ ప్రతిపాదనను అక్కడే తిప్పి పంపారు.

ఇక మిగిలింది ఏ ప్రోగ్రామింగు భాషతో మొదలుపెట్టాలన్న ప్రశ్న. సర్కారు పద్ధతిలో ఆయన మర్నాడే ఒక ఫైలు తెరిచి, ట్యాగు కట్టి, అందరి అభిప్రాయాలూ పిలిచారు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య వీడియో కాల్‌లో, పునాది గట్టిగా ఉండాలంటే సీ భాషే నేర్చుకోవాలని, తాను ఇంజనీరింగులో అలాగే నేర్చుకున్నానని చెప్పాడు. పక్క ఫ్లాటు అమ్మాయి, ఉద్యోగాలన్నీ జావాలోనే ఉన్నాయంది. తనకు ఉద్యోగం కాదు, ఉద్యోగం నుంచి విముక్తి లభించి పింఛను వస్తోందని పెదనాన్న ఆమెకు వివరించారు. నేను పైథాన్ అన్నాను. ఇంట్లో ఉన్నవాడి మాట కనుక దాన్ని ఫైలులో అన్నిటికంటే అడుగున పెట్టారు. ఏ కొనుగోలుకైనా కనీసం మూడు కొటేషన్లు ఉండాలన్న నియమాన్ని ఉల్లంఘించడం ఇష్టంలేక కూకట్‌పల్లి నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, మైత్రీవనం చుట్టుపక్కల చేతికందిన కంప్యూటరు శిక్షణ కేంద్రాల కరపత్రాలన్నీ మడత నలగకుండా తెచ్చి ఫైలుకు జతపరిచారు. వాటిలో ప్రతి ఒక్కటీ డెమో క్లాసు ఉచితమంటోంది కనుక, ఉచితమైనదాన్ని కొటేషన్‌గా పరిగణించవచ్చా లేదా అన్న మీమాంసలో మరికొంత కాలం గడిచింది.

ఆ తరువాత ఆయన భాషల సీనియారిటీ జాబితా తయారుచేయించారు. నేనే రాసిచ్చాను. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్, 1959లో రూపకల్పన మొదలైన కోబాల్, 1964లో డార్ట్‌మత్ కళాశాలలో పుట్టిన బేసిక్, 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేసిన సీ, 1991లో బయటికొచ్చిన పైథాన్, 1995లో జావా, అదే ఏడాది జావాస్క్రిప్టు. ఉద్యోగి ఎవరైనా సీనియరుకే ప్రాధాన్యమన్నది ఆయన జీవితకాలపు విశ్వాసం కాబట్టి, ఏడు పదులకు చేరువవుతున్నా ఇంకా చలాకీగా ఉన్న ఫోర్‌ట్రాన్ ఎంపికైపోతుందేమోనని నాకు భయం వేసింది. అదృష్టవశాత్తూ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త 1975లో రాసిన ఒక నోటు నాకు జ్ఞాపకం వచ్చింది. అందులో ఆయన ఫోర్‌ట్రాన్‌ను, కోబాల్‌ను, బేసిక్‌ను ఒకే కాగితం మీద వరుసగా దుయ్యబట్టి ఉన్నాడు. ఆ విషయం విన్న పెదనాన్న, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో అడ్వర్స్ రిమార్కు ఉన్నవారిని పరిగణించే ప్రశ్నే లేదని మొదటి మూడు పేర్లకూ ఎర్ర సిరాతో అడ్డగీత గీశారు. జావా కంటే పైథాన్ నాలుగేళ్లు సీనియరన్న సంగతి మాత్రం ఆయన్ను కలవరపెట్టింది. ఇంత సర్వీసు ఉన్నవాడి పేరు మొన్నమొన్నటిదాకా బయటికి రాలేదంటే పాత బాకీల విషయంలో ఏదో ఇబ్బంది ఉండి ఉంటుందని ఆయన అనుమానించి దాన్ని పక్కన పెట్టారు.

సీనియారిటీ ప్రకారం సీకి అవకాశం వచ్చింది. మా అన్నయ్య తాను చదువుకున్న కాలంలో సీ ప్రోగ్రాములు రాసి నడిపిన టర్బో సీ అనే సరంజామానే పంపాడు. 1980లలో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసిన ఆ సరంజామాను ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపించాలంటే పాత కంప్యూటరులా నటించే మరో సాఫ్ట్‌వేరు కావాలి. అన్నీ కుదిరి ఆ నీలి తెర ప్రత్యక్షమయ్యాక పెదనాన్న ఇరవై ఫ్లాట్లను రెండు వేల అయిదు వందలతో హెచ్చవేయించారు. యాభై వేలు రావలసినచోట మైనస్ పదిహేను వేల అయిదు వందల ముప్పై ఆరు వచ్చింది. టర్బో సీలో మామూలు పూర్ణాంకానికి పదహారు బిట్లే ఉంటాయని, 32,767 దాటగానే అది ఋణాత్మకంలోకి తిరిగిపోతుందని, పెద్ద అంకెల కోసం వేరే రకం ఉందని నేను చెప్పే లోపలే ఆయన కళ్లజోడు తీసేశారు. వసూలు పెరిగేకొద్దీ ఖజానా అప్పులపాలవుతుందని చెప్పే పద్ధతి ప్రభుత్వాలకు ఉండవచ్చు గాని అపార్ట్‌మెంటుకు పనికిరాదని ఫైలులో రాసుకున్నారు.

జావా వంతు రావలసిన సమయంలో ఆయన చూపు జావాస్క్రిప్టు మీద పడింది. దానికి దేన్నీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, బ్రౌజరులోనే ఉంటుంది. ఖర్చు నిల్. మంజూరు ఉత్తర్వు అక్కరలేదు. అంతకు మించిన అర్హత ఒక కోశాధికారి దృష్టిలో ఉండదు. అయినా రెండిటి పేరూ ఒకటే కావడం ఆయనకు నచ్చలేదు. ఒకే పేరుతో ఇద్దరు టీచర్లున్న మండలంలో ఒకరి జీతం మరొకరికి జమ అయిన పాత కథ ఒకటి చెప్పి, వీళ్లిద్దరూ అన్నదమ్ములా అని అడిగారు. బంధుత్వమేమీ లేదని, 1995 మే నెలలో బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశాడని, మొదట వేరే పేర్లుండేవని, అప్పట్లో జావాకు పలుకుబడి ఎక్కువ కనుక అదే ఏడాది చివర ఆ పేరు తగిలించారని చెప్పాను. పది రోజుల్లో పూర్తయిన పని ఏదీ తన సర్వీసులో చూడలేదని ఆయన కొంత గౌరవంతోనూ కొంత అపనమ్మకంతోనూ తల పంకించారు. ఆ అపనమ్మకాన్ని ఆయన మరికాస్త పట్టుకుని ఉండవలసింది.

ప్రోగ్రాము చాలా చిన్నది. మెయింటెనెన్సు ఎంత, నీళ్ల ట్యాంకరు వాటా ఎంత అని తెర మీద ఒక పెట్టె అడుగుతుంది, రెండూ కొడితే కూడి, ముందుగా అడ్వాన్సు కట్టి ఉంటే అది తీసివేసి బిల్లు సందేశం తయారుచేస్తుంది. పెదనాన్న శాంపిల్ ఆడిట్ కోసం తాళం వేసి ఉన్న ఒక ఫ్లాటును ఎంచుకున్నారు. అక్కడ నీళ్లు వాడలేదు కనుక రెండో పెట్టెను ఖాళీగా వదిలేశారు. బిల్లు రెండు వేల అయిదు వందలని సరిగ్గా వచ్చింది. ఆడిట్ ముగిసినట్టు టిక్కు పెట్టి, మిగిలిన ఫ్లాట్లకు వచ్చిన సందేశాలన్నిటినీ వరుసగా వాట్సాప్ గ్రూపులో వేసి, ఫోను ఇంట్లోనే వదిలి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లిపోయారు.

ఆ పెట్టెలో ఏది కొట్టినా జావాస్క్రిప్టు దాన్ని అంకెగా కాక అక్షరాల వరుసగా తీసుకుంటుందని, కూడిక గుర్తు కనబడితే రెండు వరుసలనూ పక్కపక్కన అతికిస్తుందని ఆయనకు చెప్పినవారు లేరు. రెండు వేల అయిదు వందల పక్కన మూడు వందలు వచ్చి చేరి, గ్రూపులో చాలామందికి 2500300 అని బిల్లు వెళ్లింది. మధ్యలో కామాలు లేకపోవడం వల్ల రెండో అంతస్తు పెద్దాయన దాన్ని ఎవరిదో పాత ల్యాండ్‌లైను నంబరనుకుని డయల్ చేశారు. 104లో అద్దెకున్న కుర్రాడు, ఇంత కడితే ఫ్లాటు తన పేరున రిజిస్టరు చేస్తారా అని మర్యాదగానే అడిగాడు. 302 యజమాని, తాను ఈ ఫ్లాటును ఇంతకంటే తక్కువకే కొన్నానని దస్తావేజు ఫొటో పెట్టి, నీళ్లు ఏ గంగోత్రి నుంచి వస్తున్నాయో ట్యాంకరు రసీదు చూపించాలని పట్టుబట్టారు. కార్యదర్శి గారు అన్నిటికీ చేతులు జోడించిన బొమ్మ ఒక్కటే పెడుతూ వచ్చారు.

గుడి నుంచి ప్రసాదంతో తిరిగొచ్చిన పెదనాన్నను లిఫ్టు దగ్గరే ఆరుగురు చుట్టుముట్టారు. ఆయన మాత్రం తొణకలేదు. వారిలో ఒకాయన ముందుగా అయిదు వందలు అడ్వాన్సు కట్టి ఉండటంతో ఆయన బిల్లు 2499800 అని వచ్చింది. అంటే తీసివేతకు వచ్చేసరికి అదే భాష రెండు వరుసలనూ అంకెలుగా మార్చుకుని తప్పులేకుండా తీసివేసిందన్నమాట. ఇక్కడ పెదనాన్న నిజంగా మండిపడ్డారు.

"కూడిక రానివాడికి తీసివేత ఎలా వచ్చిందిరా? ఏ కాగితం పెట్టినా నోరు మూసుకుని పాస్ చేసేవాడు నా సెక్షనులో ఉంటే సస్పెండు చేయించేవాణ్ణి!"

"పెదనాన్నా, పైథాన్ ఒక్కసారి చూడండి. నచ్చకపోతే అభ్యంతరం చెబుతుంది," అన్నాను.

అభ్యంతరం అన్న మాట ఆయన మీద పనిచేసింది. నిజం చెప్పాలంటే అందులోనూ కూడిక మొదట పాతిక లక్షల మూడు వందలనే ఇచ్చింది, అక్కడా చేత్తో కొట్టినదంతా అక్షరాల వరుసే కాబట్టి. కాని అడ్వాన్సు తీసివేసే వరుసకు రాగానే ప్రోగ్రాము ఆగిపోయి, ఎన్నో వరుసలో ఏ కారణం చేత ముందుకు సాగలేదో ఎర్రటి అక్షరాల్లో రాసి చూపించింది. పెదనాన్న ఆ సందేశాన్ని చదివినంత సంతృప్తిగా పింఛను పెరిగిన జీవోను కూడా చదివి ఉండరు. బిల్లు తిప్పి పంపడమంటే ఇలా ఉండాలని, పేజీ చూపించి, కారణం రాసి, మాట మర్యాద తప్పకుండా పంపాలని నాకు చాలాసేపు చెప్పారు. వచ్చినదాన్ని అంకెగా మార్చుకునే చిన్న మాట చేర్చగానే మొత్తం 2800 అయింది.

ఆ తరువాత జరిగినదంతా ఇద్దరు ఖజానా అధికారుల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపు కింది వరుసలను కాస్త జరిపి రాయాలని పైథాన్ తిప్పి పంపేది. ఒక చోట ట్యాబు, మరోచోట ఖాళీలు వాడినందుకు మళ్లీ తిప్పి పంపేది. మార్జిన్ సరిగా వదలలేదని ఎన్నో బిల్లులు తిప్పి పంపిన పెదనాన్న, ఒక్కసారి కూడా విసుక్కోకుండా ప్రతి ఆబ్జెక్షనుకూ సమాధానం రాసి తిరిగి పుటప్ చేశారు. అన్ని ఫ్లాట్ల బిల్లులూ, వాటి కింద పాత బకాయిల జాబితా పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి దిగేలా వచ్చే రోజున కార్యదర్శి గారిని, 302 యజమానిని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

బిల్లులన్నీ సరిగ్గా ఉన్నాయి. బకాయిల జాబితాలో మొట్టమొదటి పేరు మా పెదనాన్నది. ఆయన మా అన్నయ్య దగ్గరికి డాలస్ వెళ్లినప్పటి ట్యాంకరు వాటాలు ఏవీ కట్టలేదట. కార్యదర్శి గారు కిటికీలోంచి బయటికి చూశారు. 302 యజమాని ట్యాంకరు రసీదులు తెప్పించమన్నారు. పెదనాన్న ప్రోగ్రామును మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వేలు పెట్టి చదివి, నా చేత చదివించి, ఎక్కడా తప్పు దొరకక కళ్లజోడు తుడుచుకుని, పక్క ఫ్లాటు అమ్మాయి చెప్పిన ఆ జావాకు డెమో క్లాసు రేపు ఎన్ని గంటలకో కరపత్రం చూసి చెప్పమన్నారు.